నాలుగో దశ అంటే ఆఖరి రోజులేనా?

పెద్దపేగు క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకిందని తెలిసినప్పుడు రోగి, కుటుంబసభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరు గారు "ఫోర్త్ స్టేజి" అంటారు. ఆ మాట గది బయట వరండాలోకి వచ్చేసరికి "లాస్ట్ స్టేజి" అవుతుంది. బస్సెక్కి ఊరు చేరేసరికి "డాక్టర్లు చేతులెత్తేశారట" అవుతుంది. మర్నాటి నుంచి బత్తాయిలు, హార్లిక్స్ సీసాలు పట్టుకుని బంధువులు చివరిచూపు చూడడానికి బయలుదేరుతారు. మంచం మీద ఉన్న మనిషి అప్పటికింకా కీమోథెరపీ మొదటి సెలైను కూడా ఎక్కించుకోలేదు.

ఈ ఒక్క మాట తేడా వల్ల వైద్యం మానుకున్న కుటుంబాలు ఉన్నాయి. దానికి పూర్తిగా ఎదురుదారిలో, ఉన్న ఎకరం పొలం అమ్మి, అవసరం లేని వైద్యానికి పోసిన కుటుంబాలూ ఉన్నాయి. రెండు తప్పులకూ మూలం ఒకటే. దశ అంటే ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం. అందుకే ఈ పాఠం.

దశ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

పెద్దపేగు, మలాశయం క్యాన్సర్లను దశలుగా విడదీయడం 1932లో లండన్‌లో కత్‌బర్ట్ డ్యూక్స్ అనే వైద్యుడు మొదలుపెట్టాడు. గడ్డ పేగు గోడను ఎంతవరకు తొలిచింది, పక్కనున్న బిళ్లలకు చేరిందా లేదా అన్నదాన్నిబట్టి ఆయన మూడు తరగతులు చేశాడు. ఇప్పుడు మనం వాడేది నాలుగు దశల పద్ధతి. నాలుగో దశ అంటే క్యాన్సర్ పేగును దాటి దూరంగా ఉన్న మరో అవయవానికి చేరిందని అర్థం. అంతవరకే. ఎన్ని మచ్చలున్నాయి, ఎక్కడున్నాయి, వాటిని తీసివేయవచ్చా, మందుకు లొంగుతాయా అన్న ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు లేదు. రోగికి ఎన్ని రోజులు మిగిలాయన్నది అసలే లేదు.

పేగు నుంచి వచ్చే రక్తం చాలావరకు పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ద్వారా ముందుగా కాలేయానికి, అంటే లివర్‌కు వెళుతుంది. మనం తిన్న ఆహారంలోని సారం కూడా ఆ దారినే పోతుంది. గడ్డ నుంచి విడిపోయిన కణాలు అదే దారిలో వెళ్లి లివర్‌లో చిక్కుకుంటాయి. అందుకే ఈ క్యాన్సర్ ఎక్కువగా పాకేది లివర్‌కు, తర్వాత ఊపిరితిత్తులకు, కడుపు లోపలి పొరకు. లివర్ కుడివైపున రెండు మచ్చలున్న మనిషిదీ నాలుగో దశే. లివర్ నిండా, ఊపిరితిత్తుల నిండా, కడుపు పొర నిండా ఉన్న మనిషిదీ నాలుగో దశే. వీరిద్దరికీ ఒకే మాట చెప్పి పంపితే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

ఇంత ఆలస్యంగా ఎందుకు బయటపడుతుందని చాలామంది అడుగుతారు. మలంలో రక్తం పడితే మన దగ్గర మొదట చెప్పేది మొలలని. రోడ్డు పక్క మొలల డాక్టరు బోర్డు చూసి ఆరు నెలలు, ఏడాది మందులు వాడినవారు ఉన్నారు. మొలలు ఉన్నమాట నిజమే కావచ్చు. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాదని ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ ఆలస్యం గురించి రోగిని గాని, రోగి భార్యను గాని నిందించడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆ మాట పరామర్శకు వచ్చేవారు దయచేసి ఇంటి దగ్గరే విడిచి రావాలి.

ముందు అడగవలసిన ప్రశ్న

కుటుంబాలు మొదట అడిగేది "బతుకుతారా డాక్టరు గారూ?" అని. అడగడం సహజం. అయితే దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. "పాకిన మచ్చలను ఆపరేషన్‌తో తీసివేయడానికి వీలుందా? ఇప్పుడు లేకపోతే, మందులతో చిన్నవైన తర్వాత వీలవుతుందా?"

పెద్దపేగు క్యాన్సర్‌కు మిగతా చాలా క్యాన్సర్లకు లేని ఒక అవకాశం ఉంది. లివర్‌కు పాకిన తర్వాత కూడా, మచ్చలన్నీ తీయగలిగిన కొందరిలో పూర్తిగా నయమయ్యే వీలుంది. లివర్ తిరిగి పెరిగే అవయవం. ఆరోగ్యంగా ఉన్న లివర్‌లో మూడింట రెండు వంతుల వరకు తీసినా మిగిలిన భాగం కొన్ని వారాలలో పెరిగి పని అందుకుంటుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రివారు ఇలా లివర్ ఆపరేషన్ చేయించుకున్న 612 మందిని పదేళ్లకు పైగా గమనించి 2007లో లెక్క ప్రకటించారు. వారిలో 102 మంది పదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారు. అంటే ఆరుగురిలో ఒకరు. ఆరుగురిలో ఐదుగురు లేరన్న మాట కూడా అందులోనే ఉంది, దాన్ని దాచకూడదు. కాని నాలుగో దశ అనగానే ఆశ వదులుకున్న కుటుంబానికి ఆరింట ఒక వంతు చిన్న విషయం కాదు.

ఈ వీలు అందరికీ ఉండదు. ఎక్కువమందికి ఉండదు కూడా. మచ్చలు ఎన్నో చోట్ల ఉండవచ్చు, ముఖ్యమైన రక్తనాళాలను చుట్టుకుని ఉండవచ్చు, లేదా రోగి గుండె, ఊపిరి ఆపరేషన్‌ను తట్టుకోలేకపోవచ్చు. కొన్ని చిన్న మచ్చలను, 3 సెంటీమీటర్ల లోపు వాటిని, సూది పెట్టి వేడితో కాల్చివేసే పద్ధతి కూడా ఉంది. ఊపిరితిత్తులలో ఒకటి రెండు మచ్చలే ఉంటే వాటినీ తీయవచ్చు.

ఇక్కడ ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలాచోట్ల తప్పిపోతోంది. లివర్ ఆపరేషన్ చేసే సర్జను గారు స్కానులు చూడవలసింది కీమోథెరపీ మొదలుపెట్టక ముందే. నెలల తరబడి కీమో ఇచ్చిన తర్వాత చూపిస్తే రెండు చిక్కులు వస్తాయి. ఆ మందుల వల్ల లివర్ దెబ్బతిని ఆపరేషన్‌కు తట్టుకునే శక్తి తగ్గుతుంది. రెండోది కాస్త వింతగా ఉంటుంది. చిన్న మచ్చలు స్కానులో కనిపించకుండా పోతాయి. కుటుంబం సంతోషిస్తుంది. కాని చాలాసార్లు అక్కడ కణాలు ఇంకా బతికే ఉంటాయి, సర్జనుకు మాత్రం ఎక్కడ కోయాలో తెలియదు. కాబట్టి మొదటి స్కాను సీడీని, ఫిలిములను పారేయకుండా భద్రంగా ఉంచుకోవాలి.

అన్నిటికంటే కొత్త సంగతి లివర్ మార్పిడి. మచ్చలు లివర్‌లో మాత్రమే ఉండి, ఆపరేషన్‌తో తీయలేని, మందులకు బాగా లొంగిన, ఎంతో జాగ్రత్తగా ఎంచుకున్న 94 మందితో ఫ్రాన్స్ వైద్యులు ముందుండి జరిపిన పరిశోధన 2024లో ప్రచురితమైంది. లివర్ మార్పిడి చేసి కీమో కూడా ఇచ్చే వర్గంలో ఐదేళ్లకు నూటికి 57 మంది దాకా బతికి ఉన్నారని, కీమో మాత్రమే ఇచ్చే వర్గంలో 13 మంది దాకా ఉన్నారని తేలింది. ఇది నూటికి ఒకరిద్దరికైనా కుదురుతుందని మేము మాట ఇవ్వలేము. తలుపు ఇంకో అంగుళం తెరుచుకుందని చెప్పడానికే రాస్తున్నాము.

"గడ్డ తీయకుండా మందులేమిటి?"

లివర్‌లోని మచ్చలు తీయడానికి వీలు లేనప్పుడు డాక్టరు గారు పేగులోని గడ్డను ముట్టుకోకుండా కీమోథెరపీ మొదలుపెడదాం అంటారు. ఇంట్లో పెద్దలకు ఇది నచ్చదు. "వేరు అలాగే ఉంచి కొమ్మలు నరికితే ఏం లాభం?" అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ సందేహం వైద్యులకూ వచ్చింది. జపాన్‌లో జరిగిన పరిశోధన ఫలితాలు 2021లో వచ్చాయి. పేగు మూసుకుపోవడం, రక్తం పోవడం వంటి బాధలు లేని రోగులలో ముందు గడ్డ తీసి తర్వాత కీమో ఇచ్చినవారు, తీయకుండా కీమో ఇచ్చినవారు దాదాపు సమానంగానే, అంటే సగటున 26 నెలల చొప్పున బతికారు. గడ్డ తీసినందువల్ల ఆయుష్షు పెరగలేదు, ఆపరేషన్ ఇబ్బందులు మాత్రం అదనం. కాబట్టి ఆపరేషన్ చేయలేదంటే ఆశ వదిలేసినట్లు కాదు.

పేగు మూసుకుపోతే మాత్రం మాట వేరు. కడుపు ఉబ్బి, గాలి గాని మలం గాని బయటికి పోక, వాంతులవుతుంటే అది ఆ రాత్రే ఆసుపత్రికి రావలసిన స్థితి. అప్పుడు పేగును కడుపు గోడకు తెచ్చి సంచి అమర్చవలసి రావచ్చు. సంచి అంటే చాలామంది ఏడుస్తారు. వాసన వస్తుందని, సంఘంలో పక్కన ఎవరూ కూర్చోరని భయం. సరిగా అంటించిన సంచి వాసన రాదు. మార్చడం సిస్టరు గారు రెండు మూడుసార్లు చూపిస్తే వచ్చేస్తుంది. సంచితో పొలం పనికి, బడికి, ఆరాధనకు వెళ్లేవారు ఉన్నారు. పక్కన కూర్చున్నవారికి తెలియదు.

కడుపు లోపలి పొరకు పాకినవారికి "వేడి కీమో" అనే ఖరీదైన ఆపరేషన్ గురించి ఎవరో ఒకరు చెబుతారు. మచ్చలన్నీ పూర్తిగా తీయగలిగితే ఆ ఆపరేషన్ కొందరికి మేలు చేస్తుంది. కాని దానికి అదనంగా కడుపులో వేడి మందు పోయడం వల్ల ఆయుష్షు పెరగలేదని ఫ్రాన్స్‌లో జరిగిన పెద్ద పరిశోధన 2021లో చూపింది. పోసినవారు, పోయనివారు ఇద్దరూ సగటున 41 నెలలకు పైగానే బతికారు. కాబట్టి లక్షలు కట్టే ముందు, ఏ భాగానికి ఎంత కడుతున్నారో అడగండి.

మందులు, వాటికి ముందు పరీక్షలు

1957లో కనిపెట్టిన ఫైవ్ ఎఫ్.యు. అనే మందే నేటికీ ఈ వైద్యానికి పునాది. దాని మాత్ర రూపమే కాపెసిటబిన్. అమెరికాలో 1996లో ఇరినోటికాన్, 2002లో ఆక్సాలిప్లాటిన్, 2004లో బెవాసిజుమాబ్, సెటుక్సిమాబ్ అనుమతి పొందాయి. ఫైవ్ ఎఫ్.యు. ఒక్కటే ఉన్న రోజుల్లో పాకిన క్యాన్సర్‌తో సగటు ఆయుష్షు ఏడాది. ఈ మందులన్నీ వరుసగా వాడిన పరిశోధనల్లో అది రెండున్నరేళ్లకు చేరింది.

ఈ సగటు అన్న మాటను సరిగా అర్థం చేసుకోవాలి. పదకొండు మందిని వారు బతికిన కాలాన్నిబట్టి వరుసగా నిలబెడితే మధ్యలో ఆరో మనిషి బతికిన కాలమే ఆ లెక్క. అతని వెనుక ఐదుగురు అంతకంటే ఎక్కువ కాలం బతికారు, కొందరు చాలా ఎక్కువ కాలం. ముందున్న ఐదుగురు అంతకాలం బతకలేదు. మీ నాన్నగారు ఆ వరుసలో ఎక్కడ నిలబడతారో మొదటి రోజు ఏ డాక్టరూ చెప్పలేడు. రెండు మూడు నెలల మందు తర్వాత స్కాను చూస్తే కొంత తెలుస్తుంది.

మందు ఎంచుకోవడానికి బయాప్సీ ముక్క మీద కొన్ని పరీక్షలు చేయించాలి. పేర్లు కొత్తగా ఉన్నా కాగితం మీద రాసి ఉంచుకోండి: రాస్, బీరాఫ్, ఎం.ఎస్.ఐ. వీటికి మళ్లీ కోయనక్కరలేదు. మొదటి బయాప్సీ ముక్కను ల్యాబులో మైనపు దిమ్మలో పెట్టి దాస్తారు. ఆ బ్లాకు రోగిదే. వేరే ఆసుపత్రికి వెళ్లేటప్పుడు రసీదు రాసి తీసుకోవచ్చు. ఇంకో మాట. బయాప్సీ తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో మానుకోకండి. బయాప్సీ లేకుండా ఏ మంచి డాక్టరూ కీమో మొదలుపెట్టడు.

రాస్ జన్యువులో మార్పు ఉన్నవారికి సెటుక్సిమాబ్ పనిచేయదు. దాదాపు సగం మందిలో ఈ మార్పు ఉంటుంది. ఆ పరీక్ష చేయకుండా ఆ ఇంజక్షన్ రాస్తే సగం మందికి డబ్బు నీళ్లపాలైనట్లే. మార్పు లేకపోయినా పేగు ఎడమ భాగంలో మొదలైన గడ్డలకే అది బాగా పనిచేస్తుంది. బీరాఫ్ మార్పు ఉన్నవారిలో వ్యాధి కాస్త మొండిది. వారికోసం ప్రత్యేకంగా ఎన్‌కొరాఫెనిబ్ అనే మందు 2020లో అమెరికాలో అనుమతి పొందింది.

ఎం.ఎస్.ఐ. పరీక్ష గురించి ఎక్కువ చెప్పాలి. నాలుగో దశవారిలో నూటికి నలుగురైదుగురికి మాత్రమే ఇది ఎక్కువగా ఉందని వస్తుంది. వారికి మామూలు కీమో కంటే రోగనిరోధక శక్తిని మేల్కొలిపే ఇమ్యునోథెరపీ మెరుగ్గా పనిచేస్తుంది. 2020లో వెలువడిన పరిశోధనలో, పెంబ్రోలిజుమాబ్ తీసుకున్న ఇలాంటి రోగులలో వ్యాధి ముదరకుండా సగటున 16 నెలలకు పైగా ఆగింది. కీమో తీసుకున్నవారిలో 8 నెలలు ఆగింది. కొందరిలో ఏళ్ల తరబడి తిరిగి రాలేదు.

2022లో "క్యాన్సర్ నూటికి నూరు శాతం మాయం" అంటూ పేపర్లలో, ఫోన్లలో తిరిగిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. దోస్తార్లిమాబ్ అనే ఇంజక్షన్‌తో మొదట లెక్కించిన పన్నెండు మంది రోగులకు పన్నెండు మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. వార్త నిజమే. 2025 నాటికి వైద్యం పూర్తిచేసుకున్న 49 మందిలోనూ అదే ఫలితం వచ్చింది. అయితే వారందరిదీ మలాశయం క్యాన్సరే. అది ఇతర అవయవాలకు పాకలేదు. అందరిలోనూ ఇప్పుడు చెప్పిన ఆ ప్రత్యేక లక్షణం ఉంది. ఆ పేపరు కత్తిరింపు పట్టుకుని ఇల్లు తాకట్టు పెట్టే ముందు చేయించవలసింది ఆ ఒక్క ఎం.ఎస్.ఐ. పరీక్ష. అది లేనివారికి ఈ మందుల వల్ల ఒక్కదాంతోనే మేలు జరగడం చాలా అరుదు.

మొదటి రెండు వరుసల మందులు పనిచేయడం మానేసిన తర్వాత కూడా మరికొన్ని మాత్రలున్నాయి. రెగొరాఫెనిబ్ సగటున నెలన్నర లోపు ఆయుష్షు పెంచింది. ట్రైఫ్లూరిడిన్, టిపిరాసిల్ కలిసిన మాత్రకు బెవాసిజుమాబ్ జోడిస్తే, మాత్ర ఒక్కటే వాడినవారికంటే మరో మూడు నెలలు పెరిగిందని 2023లో తేలింది. మనవరాలి పెళ్లి చూడాలనుకునే మనిషికి మూడు నెలలు చాలా విలువైనవి. మంచం దిగలేని మనిషికి అవే మూడు నెలలు వాంతులతో, ప్రయాణాలతో గడిచిపోవచ్చు. ఇది రోగి తేల్చుకోవలసిన లెక్క. కొడుకులు వరండాలో తేల్చేది కాదు.

ఇంట్లో గమనించవలసినవి

ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తర్వాత కొన్ని రోజులు చల్లని నీళ్లు తాగితే గొంతు పట్టేసినట్లు, ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే వేళ్లకు కరెంటు కొట్టినట్లు ఉంటుంది. గోరువెచ్చని నీళ్లే తాగాలి. కాపెసిటబిన్ వేసుకునేవారికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పగులుతాయి. కొబ్బరినూనె గాని వాజలైన్ గాని రాస్తూ ఉండాలి, పొక్కులు వస్తే మాత్రలు ఆపి డాక్టరును అడగాలి. ఇరినోటికాన్‌తో విరేచనాలవుతాయి. వాటికి రాసిచ్చిన మాత్రలు సంచిలో కాదు, తలదగ్గర ఉండాలి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకండి, డోలో వేసి పడుకోబెట్టకండి. తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఆదివారమైనా రండి.

ఇక పథ్యం. పెరుగు వద్దు, గుడ్డు వద్దు, పప్పు వద్దని రోగిని ఎండబెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. బరువు తగ్గేకొద్దీ మందును తట్టుకునే శక్తి తగ్గుతుంది. గుడ్డు, పప్పు, పెరుగు, చేప, ఏది సహిస్తే అది పెట్టండి. లక్ష్మణ ఫలం, పసరు మందులు క్యాన్సర్‌ను తగ్గించినట్లు మనుషులలో నమ్మదగిన రుజువు లేదు. కీమోతోపాటు రహస్యంగా పసరు తాగితే లివర్ దెబ్బతినవచ్చు, అప్పుడు డాక్టరుకు కారణం అంతుపట్టదు. తాగుతున్నట్లయితే చెప్పండి, ఎవరూ తిట్టరు.

ప్రార్థన గురించి కూడా మనలో మనం ఒక మాట అనుకోవాలి. స్వస్థత కూటానికి వెళ్లివచ్చి, మందులు వేసుకుంటే అవిశ్వాసమవుతుందని మధ్యలో మానేసినవారిని మేము చూశాము. హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, పదిహేనేళ్ల ఆయుష్షు పొందాడు. అదే అధ్యాయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టమన్నాడు. సంఘ పెద్దలు, పాస్టరు గారు ఇంటికి వెళ్లినప్పుడు ప్రార్థించిన తర్వాత "రేపటి సెలైనుకు ఎవరు తోడు వెళుతున్నారు?" అని అడిగితే ఆ కుటుంబానికి ఎంతో బలం.

"నాన్నకు చెప్పకండి"

ఈ మాట మేము వారానికి ఒకసారైనా వింటాము. "తట్టుకోలేరండీ, అల్సరని చెప్పండి చాలు" అంటారు పిల్లలు. ప్రేమతోనే అంటారు. కాని నాన్నగారికి చాలాసార్లు తెలిసే ఉంటుంది. రాత్రి పూట బీపీ చూడడానికి వచ్చిన సిస్టరును నెమ్మదిగా అడుగుతారు: "అమ్మా, నాది మంచి జబ్బు కాదు కదూ?" పిల్లలు బాధపడతారని ఆయన, ఆయన బాధపడతారని పిల్లలు, ఒకరి ఎదుట ఒకరు నటిస్తుంటారు. ఈలోగా పొలం కాగితాలు ఎక్కడున్నాయో, ఎవరికి ఎంత ఇవ్వాలో, తమ్ముడితో ఉన్న పాత తగవు ఎలా తీర్చుకోవాలో చెప్పే సమయం జారిపోతుంది. అంతా ఒకేసారి చెప్పనక్కరలేదు. "మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?" అని డాక్టరు గారు రోగినే అడుగుతారు. వద్దంటే ఆగిపోతారు. ఆ ప్రశ్న అడగనివ్వండి.

నొప్పి గురించి. నొప్పికి మార్ఫిన్ రాస్తే చాలామంది భయపడతారు, అలవాటైపోతుందని, అది చావుకు ముందు ఇచ్చే మందని. క్యాన్సర్ నొప్పికి సరైన మోతాదులో నోటితో వేసుకునే మార్ఫిన్ వల్ల మనిషి లేచి తిరుగుతాడు, అన్నం తింటాడు, నిద్రపోతాడు. మలబద్ధకం మాత్రం వస్తుంది, దానికి మందు కూడా ఇస్తారు. 2014లో చట్టం సవరించాక ఆసుపత్రులకు మార్ఫిన్ తెప్పించుకోవడం సులువైంది. ఉపశమన వైద్యం అన్నీ అయిపోయాక ఇచ్చేది కాదు, మొదటి నుంచే కీమోతోపాటు సాగాలి. 2010లో అమెరికాలో 151 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులలో మొదటి నుంచే ఉపశమన వైద్యం కలిపి ఇచ్చినవారు, ఇవ్వనివారికంటే తక్కువ బాధతో, రెండు నెలలకు పైగా ఎక్కువ కాలం బతికారు.

ఎక్కడికి వెళ్లాలి, డబ్బు ఎలా

రెండో డాక్టరు అభిప్రాయం అడగడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్‌వారి హోమీ భాభా ఆసుపత్రి, వెల్లూరులో సి.ఎం.సి. ఉన్నాయి. పేగు, లివర్ సర్జన్లు, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి కూర్చుని ఒక్కో రోగి స్కాను చూసి నిర్ణయించే చోటు వెతకండి. రెండు మూడు వారాలు పరీక్షలకు పట్టినా, పేగు మూసుకుపోవడం, రక్తం ధారగా పోవడం లేనంతవరకు సాధారణంగా నష్టం లేదు. తొందరపడి మర్నాడే మొదలుపెట్టమనేవారి దగ్గర ఎందుకంత తొందరో అడగండి.

పొలం అమ్మే ముందు ఆరోగ్యశ్రీ కార్డు బయటికి తీయండి. 2007లో మొదలైన ఈ పథకం తెలంగాణలో ఆరోగ్యశ్రీగానే ఉంది, 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అని పిలుస్తున్నారు. కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లోకి 2024 అక్టోబరు నుంచి 70 ఏళ్లు నిండినవారందరినీ ఆదాయంతో పని లేకుండా చేర్చారు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి ఏయే మందులు ప్యాకేజీలో వస్తాయో ముందే అడిగి రాసుకోండి. పైన చెప్పిన కొత్త ఇంజక్షన్లు అన్నీ వస్తాయని అనుకోకండి.

చివరగా ఇంట్లో మిగతావారి సంగతి. తండ్రికో, తల్లికో, తోబుట్టువుకో ఈ క్యాన్సర్ వచ్చినవారు 40 ఏళ్లకు, లేదా రోగికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. నాన్నకు 45లో వచ్చిందంటే పిల్లలు 35కే రావాలి. రోగికి ఎం.ఎస్.ఐ. ఎక్కువగా ఉందని వస్తే అది వంశంలో నడిచే లించ్ సిండ్రోమ్ కావచ్చు. అప్పుడు పిల్లలకు ఇంకా చిన్న వయసులోనే, ఇరవైలలోనే పరీక్షలు మొదలుపెట్టాలి, ఆడపిల్లలకు గర్భసంచి పరీక్ష కూడా చేయించాలి. కొలనోస్కోపీకి ముందురోజు పలుచని ద్రవాలే తాగి, పేగు శుభ్రపడే మందు వేసుకోవాలి. పరీక్ష రోజు మత్తు ఇస్తారు కనుక బండి మీద ఒంటరిగా రాకండి, ఇంటికి తీసుకెళ్లడానికి ఒకరిని తోడు తెచ్చుకోండి.